చిన్న గేము స్టూడియోలో ప్రోగ్రామరు కొలువు

ఆట ఆడుట వేరు, ఆటను కట్టుట వేరు. కంప్యూటరు తెరపై నడుచు ఆటల విషయములో ఈ రెంటికిని గల దూరము, నాటకము చూచుటకును, నాటకము వ్రాసి, రంగము కట్టి, దీపములు వెలిగించి ఆడించుటకును గల దూరము వంటిది. అయినను మన యిండ్లలో ఈ రెండును ఒక్కటిగానే చెలామణి యగుచున్నవి. ఇంజనీరింగు ముగించిన కుమారుడో కుమార్తెయో "నేను గేము స్టూడియోలో ప్రోగ్రామరుగా చేరుదును" అనగానే తల్లిదండ్రులకు కలుగు మొదటి భయము, బిడ్డ యింకను ఆట మానలేదే యని. రెండవ భయము జీతమును గూర్చినది. అది మొదటిదానికంటె న్యాయమైనది. ఈ రెండు భయములను ఎదుట నుంచుకొని, స్వతంత్ర గేము స్టూడియోలవారు ప్రోగ్రాములు వ్రాయువారిని ఎట్లు ఎన్నుకొందురో, ఆ కొలువు కోరువారు చేత ఏమి పట్టుకొని పోవలెనో నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఇండీ యని ముద్దుగా పిలువబడు ఈ స్వతంత్ర స్టూడియో యనగా, పెద్ద ప్రచురణ సంస్థకు సొంతము గాక, తన ఊహను తానే ఆటగా మలచుకొను చిన్న బృందము. ఇద్దరు కావచ్చును, ఇరువదిమంది కావచ్చును. అమెరికాలో అమీర్ రావు, గావిన్ సైమన్ అను ఇద్దరు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను పెద్ద సంస్థలో పనిచేసి, 2009లో బయటికి వచ్చి సూపర్‌జయంట్ గేమ్స్ అను స్టూడియోను స్థాపించినారు. కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసే నగరములో ఒక కాపురపు టిల్లే వారి మొదటి కార్యాలయము. అక్కడ తయారైన ‘బాస్టియన్’ 2011లో వెలువడి మంచి పేరు తెచ్చెను. 2020లో ‘హేడిస్’ పూర్తియై లోకప్రసిద్ధి పొందునాటికిని వారి సంఖ్య ఇరువదికి అటునిటుగా మాత్రమే యుండెను. ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున నున్న టీమ్ చెర్రీ అను బృందము ఇంకను చిన్నది. 2017లో వచ్చిన వారి ‘హాలో నైట్’ అను ఆటను కట్టినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

బృందము ఇంత చిన్నదగుట వలన కొలువు సంగతి యంతయు మారిపోవుచున్నది. పెద్ద సాఫ్టువేరు కంపెనీలలో ఒక శాఖవారు దరఖాస్తులు వడపోయుదురు, మరియొక శాఖవారు పరీక్ష పెట్టుదురు, వేరొకరు జీతము నిర్ణయింతురు. చిన్న స్టూడియోలో మీ దరఖాస్తు చదువు మనిషియే రేపు మీ ప్రక్కకుర్చీలో కూర్చుండి పనిచేయు మనిషి. చదువునప్పుడు అతని మనస్సులో ఒక లెక్క నడుచుచుండును. ఆరుగురు గల స్టూడియోకు పదునెనిమిది నెలలకు సరిపోవు ధనము కలదనుకొందము. ఆరును పదునెనిమిదియు గుణింపగా 108 మనుష్యమాసములు. ఏడవ మనిషిని అదే జీతమునకు చేర్చుకొన్నచో ఆ ధనము పదునైదు నెలలకు మించి కొలదిదినములు మాత్రమే వచ్చును. అనగా క్రొత్తగా వచ్చినవాడు వచ్చిన దినముననే ఆ సంస్థ ఆయుర్దాయములో రెండున్నర నెలలు ఖర్చుచేసినాడన్నమాట. ఆ రెండున్నర నెలలకు మించిన పనిని అతడు తీర్చగలడా యన్నదే వారి ప్రశ్న. ఈ లెక్క తెలిసిన అభ్యర్థి తన పట్టాలను గూర్చి రెండు పుటలు వ్రాయడు.

మా రేడియో వృత్తిలోను ఇట్టిదే యొకటి కలదు. కంఠస్వర పరీక్షకు వచ్చువారు పట్టాలు, పతకములు వెంట తెత్తురు. మైక్రోఫోనునకు అవి కనబడవు. నిర్ణేతలు తెరచాటున కూర్చుండి విందురు. వినబడిన దానికే మార్కు వేయుదురు. గేము స్టూడియోవారి పద్ధతియు అదియే. ఆడించి చూపిన దానికే విలువ.

ఇక ఆ పని యెట్టిదో కొంచెము లోతుగా చూతము. సినిమాలో బొమ్మలు ముందే తీసి యుంచబడియుండును. ఆటలో అట్లుగాదు, ప్రతి బొమ్మయు అప్పటికప్పుడు పుట్టవలెను. సామాన్యముగా సెకనునకు అరువది బొమ్మలు. ఒక్కొక్క బొమ్మకు దొరకు వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకనులు. ఆ రెప్పపాటులో ఆటగాడు ఏ మీట నొక్కినాడో తెలిసికొనవలెను, అతని పాత్రను కదల్పవలెను, గోడకు తగిలినదో లేదో చూడవలెను, శత్రువులు ఏమి చేయుదురో నిర్ణయింపవలెను, ధ్వని వినిపింపవలెను, తుదకు బొమ్మ గీయవలెను. ఇది ముగియకమున్నే తరువాతి బొమ్మకు వేళయగును. ప్రసారములో ఐదు సెకనుల నిశ్శబ్దము దొరలినను గుండె జారు మాకు, సెకనులో అరువదవ వంతును గూర్చి ఆందోళనపడు వారిని చూచిన గౌరవము కలుగుట సహజము.

ఇంటర్వ్యూలలో తరచుగా అడుగబడు ప్రశ్న యొకటి దీనిలోనుండియే పుట్టినది. ఒక విద్యార్థి తన ఆటలోని బొమ్మ ఫ్రేమునకు ఐదు చుక్కల దూరము నడచునట్లు వ్రాసినాడనుకొనుడు. సెకనునకు అరువది ఫ్రేములు నడపు కంప్యూటరులో ఆ బొమ్మ మూడువందల చుక్కలు నడచును. మిత్రుని యింట ముప్పది ఫ్రేములు మాత్రమే నడపగల పాత కంప్యూటరులో నూటయేబది చుక్కలే నడచును. ఒకే ఆట, ఒకే వీరుడు. ఒక యింట పరుగు, మరియొక యింట నడక. దీనికి విరుగుడు, గత ఫ్రేము నుండి ఎంత కాలము గడచినదో కొలిచి, వేగమును ఆ కాలముతో గుణించుట. చెప్పగా సులభము. కాని స్వయముగా ఆట కట్టి, దానిని మరొక యంత్రముపై నడపి చూచి ఆశ్చర్యపడినవాడు చెప్పు సమాధానమునకును, పుస్తకములో చదివినవాడు చెప్పు సమాధానమునకును భేదము వినుచున్నవారికి వెంటనే తెలియును.

పెద్ద సంస్థలో ఒకడు వెలుతురు సంగతియే చూచును, ఒకడు నెట్‌వర్కు సంగతియే చూచును. చిన్న స్టూడియోలో ప్రోగ్రామరు మన పల్లెటూరి ఉమ్మడి కాపురములో చిన్నకోడలి వంటివాడు. అన్ని పనులును అతనివే. ఉదయము శత్రువుల నడక, మధ్యాహ్నము మెనూలో అక్షరముల పరిమాణము, సాయంకాలము ఆడుచుండగా కంట్రోలరు తీగ ఊడిపోయినచో ఆట ఆగవలెనా కూడదా యను ధర్మసందేహము. ఆటగాడు ఇరువది గంటలు ఆడి దాచుకొన్న స్థితి క్రొత్త మార్పులు చేసిన పిదపను చెడకుండ తెరచుకొనవలెను. చిత్రకారుడు తన బొమ్మలను తానే ఆటలోనికి ఎక్కించుకొనుటకు పనిముట్టు కూడ ఇతడే వ్రాసి యియ్యవలెను. ఇట్టి పనిముట్లు వ్రాయు ఓపిక గలవారికి చిన్న స్టూడియోలలో గిరాకి యెక్కువ. కుర్రవాండ్రకు ఈ సంగతి తెలియక అందరును మెరుపులు, ప్రేలుళ్ళు చూపించుటకే తహతహలాడుచుందురు.

మన భాషకు సంబంధించిన యొక చిన్న సంగతి యిచ్చట చెప్పవలెను. తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరములవలె వరుసగా పేర్చినంత మాత్రమున కుదురునవి కావు. ఒత్తు క్రిందికి పోవలెను, గుడి పైకి ఎక్కవలెను. అక్షరములను ఇట్లు కూర్చు విద్య చాలకాలము వరకు గేము ఇంజనులలో సరిగా లేకుండెను. గేము ఇంజనన, బొమ్మ గీయుట, ధ్వని, తాకిడి మున్నగు సామాన్య కార్యములను ముందే సిద్ధపరచి యిచ్చు సాధనము. గోడో అను ఉచిత ఇంజను యొక్క నాలుగవ అవతారము 2023 మార్చిలో వెలువడినప్పుడు ఇట్టి లిపులను కూర్చు వసతి దానిలో చేరినది. తెలుగులో మాటలాడు ఒక చిన్న ఆటను కట్టి, ఒత్తులు చెదరకుండ చూపించిన తెనాలి పిల్లకు, ఇంటర్వ్యూలో చెప్పుకొనుటకు దేశాంతరముల వారికి లేని విషయ మొకటి చేత నుండును. ఏ సమస్య వచ్చినది, ఎక్కడ వెదకినది, ఏది పనిచేయలేదు, తుదకు ఏది చేసినది అని ఆమె వరుసగా చెప్పుచుండగా ఎదుటివారు కాగితము ప్రక్కన పెట్టి విందురు.

ఆట చేతికి ఎట్లు తగులుచున్నది యను దానిని గూర్చి ప్రోగ్రామరునకు రుచి యుండవలెను. కెనడాలోని మ్యాడీ థోర్సన్, నోయెల్ బెరీ అనువారు 2015 ఆగస్టులో నాలుగు దినములలో ఒక పర్వతారోహణపు చిన్న ఆటను కట్టినారు. అదియే పెరిగి 2018 జనవరిలో ‘సెలెస్ట్’ అను పెద్ద ఆటగా వెలువడెను. దానిలో పాత్ర కొండ అంచు దాటి గాలిలో అడుగు పెట్టిన పిదపను, సెకనులో పదియవ వంతు కాలము వరకు ఎగురుటకు అనుమతి కలదు. కొయొటీ యను అడవిజంతువు కొండ అంచు దాటియు క్షణకాలము పడక నిలుచు అమెరికా కార్టూను చిత్రమును బట్టి దీనికి కొయొటీ టైము అని పేరు. భౌతికశాస్త్రము ప్రకారము అది తప్పు. కాని ఆ తప్పు లేకున్నచో ఆటగాడు "నేను సరిగానే నొక్కితిని, యంత్రమే నన్ను పడద్రోసినది" అని కోపగించుకొనును. ఆ పదియవ వంతు ఆటగాని మనస్సును ఎరిగి పెట్టినది. సెలెస్ట్ కర్తలు ఆ పాత్రను నడపు ప్రోగ్రామును అందరును చదువుకొనునట్లు బయట పెట్టినారు. నేర్వదలచిన వారు దానిని వరుసవరుసగా చదువవలసినదే.

అట్లే టెర్రీ కవానా అను ఐర్లండు దేశీయుడు 2010 జనవరిలో తెచ్చిన ‘వీవీవీవీవీవీ’ అను ఆట ప్రోగ్రామును పది సంవత్సరములు నిండిన సందర్భమున 2020లో బయట పెట్టెను. పేరు పలుకుటకే మా అనౌన్సర్లకు ప్రాణాంతకము. తెరచి చూచిన ప్రోగ్రామర్లు ఆశ్చర్యపడినారు. వందలకొలది శాఖలతో ఊడలమర్రివలె ఒకే చోట అల్లుకొన్న భాగము అందులో కనబడెను. కాలేజీలో అట్లు వ్రాసినచో మార్కులు పోవును. కాని ఆట పూర్తియైనది. లోకము ఆడినది, మెచ్చినది. ఒంటరిగా వ్రాయునప్పుడు అది చెల్లినది. బృందములో చేరువాడు మాత్రము రేపు ఇతరులు చదువునట్లు వ్రాయవలెను. కావున చూపించు ఆట పూర్తియై యుండుట మొదటి గుణమనియు, లోపలి వ్రాత చదువదగినదై యుండుట రెండవ గుణమనియు మా అభిప్రాయము. ఈ వరుసను తలక్రిందులు చేసి, అందమైన వ్రాతతో సగములో నిలిచిన ఆటలు పది తెచ్చువారు చాలమంది కలరు.

పూర్తిచేయుట నేర్పు బడి యొకటి కలదు. దానిని గేము జామ్ అందురు. లూడమ్ డేర్ అను పోటీ 2002లో ఆరంభమైనది. నలువదియెనిమిది గంటలలో, అప్పటికప్పుడు ఇచ్చిన విషయముపై ఆటను కట్టవలెను. గ్లోబల్ గేమ్ జామ్ అనునది 2009 నుండి జనవరి మాసములో అనేక దేశములలో ఒకేమారు జరుగుచున్నది. మన అష్టావధానములో సమస్య యిచ్చి పూరింపుమన్నట్లే. సమయము తక్కువ యగుటచేత ఊహను కుదించుకొనక తప్పదు. మొదటి ఆట యనగానే వేలమంది కలిసి ఆడు మహాప్రపంచమునకు పునాది త్రవ్వి, రెండేండ్లు ఆ గోతిలోనే యుండిపోవు యువకులకు ఇంతకంటె మంచి మందు లేదు. ఐదు నిముషములలో ముగియు మూడు ఆటలు, ఎవరైనను వెంటనే నొక్కి ఆడగలుగునట్టివి, దరఖాస్తునకు చాలును. చిత్రకారునితో, సంగీతకారునితో కలిసి చేసినచో మరియు మేలు. అప్పుడు తన వంతు ఏదో స్పష్టముగా చెప్పవలెను. నలుగురు చేసిన పనిని నేనే చేసితినని చెప్పుకొన్నవాడు ఈ చిన్న లోకములో రెండవ ప్రశ్నకే పట్టుబడును.

జామ్ గాక మరి రెండు దారులు కలవు. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరములో వూబ్ అను స్టూడియో కలదు. 2020లో పూర్తిరూపము పొందిన వారి ‘ఫ్యాక్టోరియో’ అను కర్మాగారముల ఆటకు, ఆడువారే క్రొత్త భాగములు వ్రాసి చేర్చుకొను వసతి కల్పించినారు. అట్టి చేర్పులను మాడ్లు అందురు. ఆ మాడ్లు వ్రాసినవారిలో కొందరిని స్టూడియోవారు తమలో చేర్చుకొన్నారు. 2024 అక్టోబరులో వచ్చిన ‘స్పేస్ ఏజ్’ అను అనుబంధమును తయారుచేసిన బృందములో, అంతకు మున్ను అంతరిక్షయానముపై ప్రసిద్ధమైన మాడ్ వ్రాసిన మనిషియు కలడు. ఇందులో వింత లేదు. ఆ ఆటలో పలువురు కలిసి ఆడునప్పుడు ప్రతివారి కంప్యూటరును అదే లెక్కను అదే వరుసలో చేసి అదే జవాబు తేవలెను. ఒక యంత్రములో ఒక్క అంకె తప్పినను ఆటలు విడిపోవును. ఇట్టి నియమమునకు లోబడి ఏండ్ల తరబడి మాడ్ నడిపి, వేలమంది ఫిర్యాదులకు సమాధానము చెప్పినవానికి వేరే పరీక్ష పెట్టనక్కరలేదు.

రెండవ దారి, ఇంతకు మున్ను చెప్పిన గోడో వంటి ఇంజనులలోని లోపములను దిద్దుట. హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్సూర్ అను అర్జెంటీనా దేశీయులు కట్టిన ఆ ఇంజను 2014 నుండి అందరికి బహిరంగము. ఎవరైనను లోపమును కనుగొని, దిద్దుబాటు వ్రాసి పంపవచ్చును. అనుభవజ్ఞులు దానిని పరిశీలించి, ఇది బాగున్నది, ఇది బాగులేదు అని అందరి ఎదుటను చెప్పుదురు. కరీంనగరులో నుండు విద్యార్థికి సిఫారసు చేయు మేనమామ యుండనక్కరలేదు. అంగీకరింపబడిన దిద్దుబాటు క్రింద తన పేరుండును. ఆ చర్చలో తాను ఎంత మర్యాదగా విమర్శను స్వీకరించినాడో కూడ అందరును చదువవచ్చును. చిన్న స్టూడియోవారు దరఖాస్తుదారుని నేర్పుతో పాటు అతని మాటతీరును చూతురు గనుక ఇది సామాన్యమైన ఆధారము గాదు.

ఎరిక్ బరోన్ కథ చెప్పక ఈ ప్రసంగము ముగియదు. ఏలనన మన పిల్లలు ఇంటిలో వాదమునకు దిగినప్పుడు మొదట తెచ్చు పేరు అదియే. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు టకోమా శాఖలో కంప్యూటరు శాస్త్రము చదివి 2011లో పట్టా పుచ్చుకొన్న ఈ యువకునకు ప్రోగ్రామరు ఉద్యోగము దొరకలేదు. ఇంటర్వ్యూలలో నెగ్గుటకై సి షార్ప్ అను భాషలో చేయి తిరుగవలెనని ఒక వ్యవసాయపు ఆటను వ్రాయ నారంభించెను. సియాటిల్ నగరపు పారామౌంట్ నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపు చిన్న కొలువు చేయుచు, నాలుగున్నర సంవత్సరములు ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతము, కథ అన్నియు తానొక్కడే కూర్చెను. 2016 ఫిబ్రవరి 26వ తేదీన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ వెలువడెను. 2024 చివరకు దాని ప్రతులు నాలుగు కోట్లకు మించి అమ్ముడైనవి. కొలువు దొరకనివాడు తానే స్టూడియో యయ్యెను.

ఇది నిజమైన కథయే. కాని దీనిలో మన పిల్లలు దాటవేయు పుట యొకటి కలదు. ఆ నాలుగున్నర సంవత్సరములు ఇంటి ఖర్చులో ఎక్కువ భాగమును భరించినది అతని జీవితభాగస్వామి సంపాదన. ఇంటిలో ఒక జీతము నిలుకడగా వచ్చుచుండగా మరియొకరు సాహసించినారు. ఆ జీతము లేని యింటిలో ఈ కథను ప్రమాణముగా చూపుట న్యాయము గాదని మేము తలంచుచున్నాము. అమ్మకములలో ఆ అంకెను చేరినవి చరిత్రలో మిక్కిలి కొలది. అట్లని కథ పనికిరానిదియు గాదు. బరోన్ తన ఆటను మొదలుపెట్టినది కోట్లకు గాదు; ఉద్యోగమునకు చూపించుటకు. ఆ మొదటి ఉద్దేశమును అనుసరించువారికి నాలుగున్నర సంవత్సరములు అక్కరలేదు. దినము పనిచేసి, సాయంకాలములు ఒక సంవత్సరము వెచ్చించినచో చూపదగిన చిన్న ఆట తయారగును.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినదనుకొందము. పోవుటకు మున్ను ఆ స్టూడియోవారి ఆటను తుదివరకు ఆడి యుండవలెను. "మీ ఆట నాకు ప్రాణము" అనుట వారికి క్రొత్త గాదు. "మూడవ అంకములో నావ ఎక్కునప్పుడు కెమెరా ఒక్కక్షణము వెనుకబడుచున్నది, కారణము ఇదియా?" అని అడిగినచో సంభాషణ మొదలగును. గణితములో సదిశల గుణకారము తెలిసియుండవలెను. శత్రువు మనవైపు చూచుచున్నాడా, వీపు త్రిప్పియున్నాడా యనుటకు రెండు దిక్కులను గుణించి, వచ్చిన అంకె ధనమా ఋణమా యని చూచుటయే ఉపాయము. ఇంటర్మీడియెట్టులో అందరును చదివి మరచినదే. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తెలియదని చెప్పి, ఎట్లు కనుగొనుటకు ప్రయత్నింతునో చెప్పుట మంచిది. కొందరు ఇంటికి పని యిచ్చి చేసి తెమ్మందురు. ఒకటి రెండు సాయంకాలముల పనియైన అభ్యంతరము లేదు. వారము దినముల పనియైనచో దానికి ప్రతిఫలము అడుగుట అవమానము గాదు. మర్యాదగల స్టూడియోలు తామే ఇచ్చెదమందురు.

అభ్యర్థి అడుగవలసిన ప్రశ్నలను గూర్చి మన ప్రాంతములో సంకోచ మెక్కువ. పెద్దవారిని ధనమును గూర్చి అడుగుట యెట్లని నోరు మెదపరు. చిన్న స్టూడియోలో అడుగకపోవుటయే ప్రమాదము. "మీవద్ద ఎన్ని నెలలకు ధనము కలదు?" అని నెమ్మదిగా అడుగవలెను. పబ్లిషరు ధనమిచ్చుచున్నచో, ఏ మజిలీ చేరిన పిదప ఏ భాగము వచ్చునో, మజిలీ తప్పినచో జీతములు ఏమగునో తెలిసికొనవలెను. ఆట తుదిని వచ్చు పేర్లపట్టికలో, మధ్యలో కొలువు విడిచినవారి పేరు వేయుదురా? లాభములో వాటా యని చెప్పినచో అది కాగితముపై ఉన్నదా, ఖర్చులు తీసిన పిదపనా, తీయకమునుపా? ఇంటివద్ద సొంతముగా కట్టుకొనుచున్న చిన్న ఆట ఎవరిది యగును? ఈ చివరి ప్రశ్నను అడుగక సంతకము చేసి, తరువాత చింతించిన యువకులు కలరు. జీతము తక్కువయై, దానికి బదులుగా వాటా మాత్రమే చూపు చోటునకు పోవువాడు, ఆ వాటా ఎన్నడును రాదనుకొని ఇంటి లెక్క వేసికొనవలెను. అప్పటికిని లెక్క కుదిరినచో పోవచ్చును.

కాలము కూడ అంత అనుకూలముగా లేదు. 2023, 2024 సంవత్సరములలో ప్రపంచమందలి పెద్ద గేము సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. అట్లు బయటబడిన అనుభవజ్ఞులును చిన్న స్టూడియోల తలుపులు తట్టినందున క్రొత్తవారికి పోటీ పెరిగినది. సాధనముల విషయములోను ఒడుదుడుకులు వచ్చినవి. యూనిటీ అను ఇంజనును అమ్ము సంస్థ 2023 సెప్టెంబరులో, ఒక పరిమితి దాటిన ఆటలకు, అవి యంత్రములలో ఎక్కించుకొనబడిన సంఖ్యను బట్టి రుసుము విధింతుమని ప్రకటించెను. చిన్న స్టూడియోలవారు భయపడి గగ్గోలు పెట్టినారు. ఒక సంవత్సరము గడచిన పిదప, 2024 సెప్టెంబరులో ఆ రుసుము రద్దయినది. ఈలోపల కొందరు గోడో వంటి ఇతర ఇంజనులకు మారిపోయినారు. ఒక ఇంజను మీటలు మాత్రమే నేర్చినవారు ఆ సంవత్సరము ఇబ్బంది పడియుందురు. కంప్యూటరు గుణించు విధము నేర్చినవారికి మీటలు మారినను నెల దినములలో చేయి కుదురును.

మన దేశములోని సంగతి. పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు పురాణవాసన గల ‘రాజీ’ యను ఆటను 2020లో తెచ్చినారు. మన హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియోవారు 2017లో ‘అసుర’ అను ఆటను వెలువరించినారు. భారత గేము నిర్మాతల వార్షిక సమావేశము 2022, 2023, 2024 సంవత్సరములలో హైదరాబాదులోనే జరిగినది. ఇట్టి సమావేశములకు పోవు విద్యార్థి చేతిలో పేరు ముద్రించిన కార్డు కంటె, నిలుచున్నచోటనే ఆడింపదగిన ఆట గల ఫోను ఉండుట మేలు. అయినను మన నగరములలో స్వతంత్ర స్టూడియోలు తక్కువ. ఫోను ఆటలు చేయు సంస్థలు, విదేశీ ఆటలకు బొమ్మలు, ఇతర భాగములు చేసియిచ్చు సంస్థలు ఎక్కువ. వానిలో రెండేండ్లు పనిచేసి, ఆట ప్రజలకు చేరువరకు జరుగు తతంగమంతయు చూచి, పిదప చిన్న స్టూడియోకు పోవుట మంచి క్రమము. మామూలు సాఫ్టువేరు కొలువు చేయుచు సాయంకాలములలో అభ్యసించుటయు తక్కువది గాదు. అట్టివారు ఇల్లు గడపుకొనుచునే వేచియుండగలరు.

ఇంటి పెద్దలకు ఒక మాట. పిల్లవాడు గేము స్టూడియో కొలువు కోరినప్పుడు "ఎన్ని గంటలు ఆడితివి?" అని గాక "ఏమి పూర్తిచేసితివి?" అని అడుగుడు. చూపుమనుడు. మీరే ఆ మీటలు నొక్కి ఆడి చూడుడు. కంప్యూటరు ఆట ఎన్నడును ఆడని మనిషి మొదటి నిముషములో ఎచ్చట తికమకపడునో చూచుట ఆట కట్టువారికి మిక్కిలి అవసరమైన పరీక్ష. తల్లి ఎచ్చట ఆగిపోయినదో మౌనముగా గమనించి, "అది అట్లు కాదమ్మా" అని అడ్డుపడక, మరునాడు ఆ చోటును దిద్దిన కుమార్తెకు ఆ వృత్తి కొంత పట్టుబడినట్లే లెక్క.

దరఖాస్తు లేఖను గూర్చి చెప్పి ముగింతుము. మొదటి వరుసలో తానెవరో, ఏ పనికి వ్రాయుచున్నాడో. రెండవ వరుసలోనే తన ఆటను ఆడుటకు లంకె. దానిని నొక్కిన నిముషములో ఆట తెరపైకి రావలెను, ఏదియు ఎక్కించుకొనుమని అడుగరాదు. దానితో పాటు నలువది సెకనుల వీడియో యొకటి, ఆడుటకు తీరిక లేనివారికై. ఆ స్టూడియో వారి ఆటలో తాను గమనించిన విషయ మొకటి. తాను దిద్దిన చిక్కు యొకటి, నాలుగు వాక్యములలో. ఒకే లేఖను ముప్పదిమందికి పంపినచో ముప్పదిమందికిని అది తెలియును. జవాబు రాకున్నచో రెండు వారముల పిదప ఒక్కమారు మర్యాదగా జ్ఞాపకము చేయవచ్చును. రెండవమారు వలదు, ఆ సాయంకాలము తరువాతి జామ్‌నకు పేరు నమోదు చేసికొనవచ్చును.